ముప్పై ఒక్క డిగ్రీల ధైర్యం

ముందే ఒప్పుకుంటున్నాను. ఆరేళ్ల కింద ఒక మంగళవారం, లాలాగూడలో మా బడి స్టాఫ్ రూములో, అన్నం బెల్లు వేళ నేనొక తప్పు చేశాను. దాని వల్ల మూడు చీలాయి: ఒక భుజం, ఒక డాక్టరమ్మ ఓపిక, లెక్కల మాస్టారుగా నా పరువు. మొదటి రెండూ మానాయి.

మా డ్రిల్లు మాస్టారు యాదగిరి. మనిషి బీరువా అంత ఉంటాడు. రెండు వారాలుగా కుడి చెయ్యి ఎత్తితే చాలు, పచ్చి చింతకాయ కొరికినట్టు మొహం పెడుతున్నాడు. రాంగోపాల్‌పేట్ ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, స్కాన్ రాసి, అది తీసేదాకా ఆట బంద్ అని చెప్పింది. శనివారమేమో స్పోర్ట్స్ డే. పాత విద్యార్థులతో మాస్టర్ల వాలీబాల్. యాదగిరి లేని మా జట్టు తాడు లేని బొంగరం.

"స్కాన్ తీయించుకో మరి" అన్నాను.

"బుగులైతది సార్. మా బామ్మర్ది పోయిండు. పెట్టెల పండవెట్టి మూత వేసినట్టు ఉంటదట. ఆ మోతకు పానం పోతదట."

బుద్ధి ఉన్నవాడైతే ఇక్కడ తన అన్నం తాను తింటాడు. నేను టిఫిన్ డబ్బా మూసేశాను. ఎందుకంటే రెండు రోజుల ముందే ఫోన్‌లో ఒక సంగతి చదివి ఉన్నాను. భుజం కీలును చుట్టూ పట్టి ఉంచే కండరాల పట్టీ ఒకటుంటుంది, రొటేటర్ కఫ్ అంటారు. అది చీలే మనిషెవరో ఎక్స్‌రే మీద కోణం కొలిచి ఊహించవచ్చట. కీలు గుంట కింది అంచు నుంచి పై అంచుకు ఒక గీత, అదే కింది అంచు నుంచి భుజం కప్పు కొసకు ఇంకో గీత. మధ్య కోణం ముప్పై అయిదు దాటితే అనుమానించాలట.

కోణం. నాకు. మేకకు ఆకు చూపించినట్టే.

"ఇటివ్వు ఆ ఫిల్ము" అన్నాను.

కిటికీ అద్దానికి ఆనించి, ఎర్ర స్కెచ్ పెన్నుతో గీతలు గీసి, కోణమానిని పెట్టాను. యాదగిరి నా వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఎంతొచ్చింది సార్?"

"ముప్పై ఒకటి."

"అంటే?"

"అంటే నీ భుజానికేం కాలేదు. బెణికింది, అంతే."

"ఆడొచ్చా?"

"లెక్క అబద్ధం చెప్పదు యాదగిరీ."

అక్కడితో ఆగినా బాగుండేది. చేతికి అలవాటు. 31° అని రాసి, చుట్టూ సున్నా చుట్టి, పక్కన టిక్కు కొట్టి, పొట్టి సంతకం పెట్టాను. ఆ పొద్దునే ఎనిమిదో తరగతి మొత్తానికీ వందసార్ల ఇంపోజిషన్ ఇచ్చి వచ్చాను కూడా. ఎందుకిచ్చానో ఇప్పుడు చెప్పను. చెబితే నన్నిక్కడే వదిలేసి పోతారు.

శనివారం వచ్చింది. మూడో పాయింటుకే యాదగిరి గాల్లోకి లేచి స్మాష్ కొట్టాడు. బంతి అవతల పడింది. చెయ్యి కూడా పడింది, ఆరేసిన చొక్కా చెయ్యిలాగ. మైదానమంతా చప్పట్లు కొడుతోంది. ఆయన మొహం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

రాంగోపాల్‌పేట్ దాకా ఆటోలో ఆయన అన్నది ఒకే మాట.

"చెయ్యి లేవకపోతే డ్రిల్లు ఎట్ల చెప్పాలె సార్? నాకు ఇంకో పని రాదు."

ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే ముప్పై ఒకటి ఎర్రగా కనిపించింది.

డాక్టరమ్మ మొదట ఆయన చెయ్యి పట్టి చూసింది. "ఆడమని ఎవరు చెప్పారు?"

"నాకే అనిపిచ్చింది మేడం" అన్నాడు యాదగిరి.

ఆమె ఫిల్మును లైటు ముందు పెట్టింది. నేను నేలకేసి చూశాను.

"ఈ గీతలెవరివి?"

"మా ఇంట్ల పిల్లలు గీసిన్రు."

"పిల్లలు టిక్కు కొట్టి సంతకం పెట్టారా?"

ఇక దాచడం ఎలా? లేచి నిలబడ్డాను. "నేనేనమ్మా. లెక్కల మాస్టార్ని" అన్నాను. జేబులోంచి కోణమానిని కూడా తీసి చూపించాను, దొంగ తన కత్తిని తనే అప్పగించినట్టు.

ఆమె కంప్యూటర్లో కొలిచింది. ముప్పై ఏడు.

"ఎలా పెట్టారో చూపించండి."

చూపించాను. ఆమె వంగి చూసింది.

"మాస్టారూ, ప్లాస్టిక్ అంచు పెట్టారు. సున్నా గీత దానికి కాస్త పైన ఉంటుంది కదా."

యాదగిరి నొప్పి మరిచి నావైపు తిరిగాడు. "సార్, మొన్న ఎనిమిదో తరగతికి ఇంపోజిషన్ ఇచ్చింది దీనికే గదా?"

దీనికే.

"సరిగ్గా కొలిచినా దాంతో తేలదు" అంది డాక్టరమ్మ. "ఆ కోణం మబ్బులాంటిది. వాన రావచ్చు అని చెబుతుంది. తడిశామో లేదో తెలియాలంటే చొక్కా ముట్టుకుని చూడాలి. అందుకే స్కాన్ రాశాను."

బయటికొచ్చాక యాదగిరి అన్నాడు: "నీమ్ హకీమ్ ఖత్రా-ఏ-జాన్ అంటరు, సగం తెల్సిన వైద్యునితోని పానానికే గండమని. మీరు నీమ్ మాస్టర్, ఖత్రా-ఏ-భుజం."

తిట్టాడు గనుక కాస్త ఊపిరి ఆడింది.

స్కాన్ గది ముందు ఇనుప వస్తువులన్నీ తీసెయ్యమన్నారు. ఆయన మెడలోంచి విజిల్ తీసి నా చేతిలో పెట్టాడు. "ఉంచుండ్రి సార్. బయట్నే ఉంటరు గదా?"

"ఇక్కడే ఉంటాను."

లోపల మోత మొదలైంది. విజిల్‌ను పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను. వెయ్యి మందిని చంపితేగాని వైద్యుడు కాడంటారు. నేనైతే ఒక్క భుజానికే రిటైరయ్యాను.

పట్టీ పూర్తిగా తెగలేదు, కొంత చీలింది. కోత అక్కర్లేదు, రెండు నెలల విశ్రాంతి, వ్యాయామం. మా బడి పెద్దమేడంతో జరిగిందంతా చెప్పి, ఆ రెండు నెలలూ డ్రిల్లు నాకే వెయ్యమన్నాను. ఆ విజిల్ మెడలో వేసుకుని ఎండలో గెంతాను. నా కుడి ఎడమలకు ఏకాభిప్రాయం లేదని బడంతటికీ తెలిసింది. ఎనిమిదో తరగతి ముందు కూర్చుని ఇంపోజిషన్ కూడా రాశాను: "కోణమానిని అంచును కాక సున్నా గీతను పెట్టవలెను."

రెండు నెలలయ్యాక యాదగిరి చెయ్యి తలపైకి లేచింది. విజిల్ తిరిగిచ్చి, నోటుబుక్కు కూడా చేతిలో పెట్టాను. ఆయన తీరిగ్గా లెక్కపెట్టాడు.

"తొంభై తొమ్మిదే ఉన్నయ్ సార్."

పెన్ను తీసుకున్నాను. నూరోది మాత్రం నా సొంతంగా, ప్రమాణం చేసినట్టు నిలబడి రాశాను: "స్నేహితుడు స్కానుకు భయపడితే కోణం కొలవను. తోడు వెళ్తాను."

యాదగిరి చదివాడు. ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, ఆ కుడి చేత్తోనే టిక్కు కొట్టి పొట్టి సంతకం పెట్టాడు.