వెండెలిన్ పూసిన గోడలు

గనిలోకి దిగనని పదిహేనేళ్ళకే తండ్రికి ఎదురు తిరిగినవాడు వెండెలిన్. మా గనుల ఊరు యోవాకిమ్స్‌తాల్‌లో అది చిన్న విషయం కాదు. మగవాడన్నాక గనిలోకి దిగాలి, నలభై దాటాక దగ్గుతూ పోవాలి. లేసు అల్లుకుంటూ ఆడవాళ్ళు రెండో మొగుణ్ణి చేసుకుంటారు, ఒక్కోసారి మూడోవాణ్ణి కూడా. "కొండ తీసుకుంది" అంటారు, అంతే. అలా వెండెలిన్ తండ్రిని తీసుకుంది, ఇద్దరన్నల్ని తీసుకుంది. వెండెలిన్ మాత్రం తాపీ పట్టి, గోడలకు పూత పూసే మేస్త్రీ అయ్యాడు.

మంచి మేస్త్రీ. అతని గొప్పంతా ఇసుకలో ఉంది. గనిలో దొరికే నల్లరాయిని నూరి, గాజుకి వేసే పసుపురంగు తీసే ఫ్యాక్టరీ వెనక మిగిలిన ఇసుక గుట్టలుగా పడుంటుంది. జల్లించిన పిండిలా ఉంటుంది, ఎవరైనా తోలుకుపోవచ్చు. దాన్ని సున్నంలో కలిపి పూస్తే గోడ పగలమన్నా పగలదు. బడికీ, రొట్టెల కొట్టుకీ, చర్చి వెనక గదికీ పూసింది వెండెలినే.

1912 వేసవిలో కూతురు రోసీనాకి ఏడో నెల. తొలి కాన్పు గదికి పుట్టింటివాళ్ళు కొత్త పూత వేయించడం మా దగ్గర ఆనవాయితీ. వెండెలిన్ తన ఇంటి పై గదికి అద్దంలాంటి పూత పూశాడు. అది ఆరిన రోజే అల్లుడు ఇగ్నాట్స్ ఒక గాజు సీసా పట్టుకుని వచ్చాడు. ఇగ్నాట్స్ బడిలో సైన్సు చెబుతాడు. సీసాలో రెండు బంగారు రేకులు వేలాడుతున్నాయి.

"ఏంటల్లుడూ, బిడ్డకి గిలక్కాయా?"

"కాదు మావయ్యా, చూడండి." ఇగ్నాట్స్ గాజు కడ్డీని పట్టుగుడ్డతో రుద్ది సీసా తలకి తాకించాడు. రేకులు రెండూ కరెంటు ఎక్కి దూరంగా విచ్చుకున్నాయి. "మామూలు గాలిలో ఇవి చాలాసేపు ఇలాగే ఉండాలి."

అంతలోనే రేకులు వాలిపోయాయి. మళ్ళీ విప్పాడు. మళ్ళీ వాలిపోయాయి.

"నీ సీసా చెడింది మాష్టారూ."

"సీసా బాగానే ఉంది. గోడలోంచి ఏవో దూసుకొస్తున్నాయి. గాలిని చీల్చి, రేకుల్లోని కరెంటుని లాగేస్తున్నాయి."

"నా గోడలోంచా?"

ఇగ్నాట్స్ కుర్చీ లాక్కున్నాడు. చెప్పడం మొదలుపెడితే ఆగే మనిషి కాదు. "దేన్నయినా కోసుకుంటూ పోతే, ఇక కోయలేని రవ్వ ఒకటి మిగులుతుందని పాతకాలపు గ్రీకులు అన్నారు. అదే అణువు. వందేళ్ళ కింద ఒక ఇంగ్లీషు పంతులు ఒక్కో పదార్థపు అణువుకి ఒక్కో బరువుంటుందని లెక్క తేల్చాడు. అప్పటికీ అది గట్టి గోళీ అనే అనుకున్నారు. తర్వాత దాని లోపల ఇంకా చిన్న రవ్వలు కనిపించాయి. నిరుడు మాంచెస్టర్‌లో ఇంకో మాట తేల్చారు. అణువు దాదాపు అంతా ఖాళీయేనట. మన చర్చి అంత అణువు ఉందనుకోండి, బరువంతా నడిమధ్య ఉన్న ఒక్క ఈగలో ఉంటుంది."

"ఈగకీ నా గోడకీ ఏంటయ్యా సంబంధం?"

"మన నల్లరాయిలో ఆ ఈగ మరీ బరువు, మావయ్యా. తనంతట తనే పగులుతుంది. పగిలినప్పుడల్లా ఒక ముక్క విసురుతుంది. నిప్పులో వేసినా ఆగదు, సున్నంలో కలిపినా ఆగదు. మీ అన్నల్ని చంపింది అదేనేమో అని నా భయం. రుజువు లేదు. కానీ రోసీ ఈ గదిలో పురుడు పోసుకోవడం నాకిష్టం లేదు."

వెండెలిన్ మొహం ఎర్రబడింది. "నా గోడ చెడ్డదైతే ఊరి గోడలన్నీ చెడ్డవేనా?"

తలుపు దగ్గర నిలబడ్డ రోసీనా రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుంది. "నాన్నా, ఆయన ఊరికే భయపడే రకం కాదు."

మర్నాడు వెండెలిన్ సుత్తి పట్టాడు. తెల్లటి దుమ్ములో దగ్గుతూ, తన చేత్తో పూసిందంతా తనే రాల్చాడు. రేకులు విప్పి చూశారు. వాలిపోయాయి. కింద తండ్రి కాలంనాటి పూత ఉంది. అదీ రాల్చాడు. రేకులు వాలిపోయాయి. ఇక మిగిలింది రాయి. గని తవ్వినప్పుడు పైకి తెచ్చి పారేసిన రాళ్ళతో కట్టిన ఇల్లది. రాళ్ళలో సన్నటి నల్లచారలు ఉన్నాయి. వెండెలిన్ చారమీద వేలు పెట్టి, చటుక్కున తీసేశాడు.

"ఇల్లు కూల్చలేను తల్లీ," అన్నాడు.

చెక్కతో కట్టిన మేకల కొట్టంలో మాత్రం రేకులు నిలబడ్డాయి. మంచం అక్కడికి మారింది. లేసు అల్లే ఆడవాళ్ళకి పండగే.

"ఏంటి వెండెలిన్, ఏసు ప్రభువు మళ్ళీ పుడుతున్నాడా మీ పాకలో?"

"ముగ్గురు జ్ఞానులకి కబురంపావా మరి?"

వెండెలిన్ ఊళ్ళో ఏ గోడనీ తలెత్తి చూడడం మానేశాడు. ఎవరైనా పూతకి పిలిస్తే నడుం నొప్పనేవాడు. మనిషి చిక్కిపోయాడు.

కొట్టంలోనే ఆడపిల్ల పుట్టింది, గట్టి గొంతుతో. కానీ మా కొండల్లో చలి త్వరగా దిగుతుంది. అక్టోబరులోనే చెక్కల సందుల్లోంచి మంచు లోపలికి రాలింది. పిల్ల పెదాలు నీలిరంగుకి తిరిగాయి. రోసీనా ఎవరినీ అడగలేదు. పిల్లని శాలువాలో చుట్టి, పెరడు దాటి, రాతి ఇంట్లోకి నడిచింది. వెనకే మంచం మోసుకుంటూ వెండెలిన్, ఇగ్నాట్స్.

ఇగ్నాట్స్ పై గది కిటికీ బార్లా తెరిచాడు. "ఇది తీసే ఉంచు రోసీ. రాయిలోంచి ఊరే విషగాలి బయటికి పోవాలి."

"ఈ చలికి పిల్ల తెల్లారేదాకా ఉంటుందా?" అంది రోసీనా.

అల్లుడు మామ వైపు చూశాడు. మామ నల్లచారల గోడని చూస్తున్నాడు. రోసీనా పొయ్యిలో రెండు దుంగలు వేసి, వెళ్ళి కిటికీ మూసేసింది.