గట్టు మీద నిలబడనిచ్చినందుకు

చనిపోయిన మనిషి ఇంకా పాఠం చెబుతుంటే ఆ నోరు మూయించే హక్కు ఎవరికుంది? చెప్పండి. నేనైతే ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని, కోపంతోనే కొల్లేరు బయలుదేరాను. తాడేపల్లిగూడెంలో మా డాబా మీద ప్రతి ఆదివారం సాయంత్రం వాక్యం చెబుతాను. నేను ఏ కాలేజీలోనూ చదవలేదు, చదివిందల్లా చంకలో ఉండే ఈ ఒక్క బైబిలు పుస్తకమే. దాని నిండా విత్తనాలు, వలలు, కోతలు, కళ్లాలు. వినే పిల్లలకేమో బియ్యమంటే బస్తా, చేపంటే మార్కెట్టు. అందుకే వాక్యం అయ్యాక ఫోన్‌లో ఒక వీడియో పాఠం చూపించేవాణ్ణి. కొల్లేటి లంకల్లో బడిపంతులుగా పని చేసి రిటైరైన ఒక మాస్టారు చెరువు గట్ల మీద నిలబడి చెప్పిన వ్యవసాయ పాఠాలవి. నీళ్లు తీసిన సరస్సు అడుగున వరి ఎలా చల్లేవారు, వెదురు పుల్లలతో అల్లిన మావు అనే బోనులోకి చేప ఎలా వస్తుంది, పైరు పోయిన ఊళ్లో కమ్మరి కొలిమి కూడా ఎందుకు ఆరిపోతుంది, అన్నీ చెప్పేవారు. ఆయన పోయి ఏడాది దాటింది. ఈ మధ్య ఆ పాఠాలు రోజుకొకటి మాయమవడం మొదలైంది. ఎందుకని రాసి అడిగితే, ఆయన భార్య నాగమణి గారు ‘రండి, చెబుతాను’ అని దారి పంపారు.

ఉదయం ఏడు దాటాక గూడెంలో పాసింజరు ఎక్కితే గంటలో ఏలూరు. స్టేషన్ బయట ఇడ్లీ తిని, బస్టాండులో కైకలూరు బస్సెక్కాను. ఈ బస్సు సరస్సుకి అడ్డంగా పోతుంది కాబట్టి కిటికీ సీటు పట్టుకోండి. అయితే సరస్సు కోసం వెతక్కండి. రెండు పక్కలా చెరువులే, గట్లే, నీళ్లలో పాతిన కర్రలకి వేలాడే మేత సంచులే. మధ్యలో మిగిలిన నీటిమీద కొంగలు ఇరుక్కుని నిలబడ్డాయి. పితరులు వేసిన పొలిమేర రాయి జరపవద్దని వాక్యం. ఇక్కడ రాయిని జరపడం కాదు, సరస్సునే జరిపేశారు. కైకలూరులో మస్తాన్ అనే ఆయన షేర్ ఆటో దొరికింది. మనిషికి నలభై.

“అమ్మవారి గుడికాండీ?” అన్నాడు మస్తాన్, నా చంకలో పుస్తకాన్ని అనుమానంగా చూసి.

“కాదండీ, పాఠాల మాస్టారి ఇంటికి.”

“ఆ ఊరా. అయితే కాస్త మెల్లగా మాట్లాడండి. అక్కడ ఈ మధ్య చేపలకి కూడా చెవులొచ్చాయండీ.”

ఆలపాడు, కొల్లేటికోట దాటి, మట్టి గట్టు దారిలో ఇంకొంత దూరం. ఊరి పేరు నేను రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నాగమణి గారు వరండాలో కుర్చీ వేశారు. మజ్జిగ ఇచ్చి, నేను నోరు తెరవకముందే, “కోప్పడ్డానికి వచ్చారని తెలుసండీ. తీసేస్తున్నది నేనే,” అన్నారు. మాస్టారు ప్రతి పాఠం ఎలా మొదలుపెట్టేవారో నాకూ కంఠతా వచ్చు. నమస్కారమండీ, ఈ వేళ మనం ఫలానా వారి గట్టు మీద ఉన్నామండీ, నిలబడనిచ్చినందుకు వారికి ధన్యవాదాలండీ. మర్యాద తెలిసిన మనిషి, పేరు చెప్పకుండా ఒకరి గట్టెక్కడం ఆయనకి చేతకాదు. ఆ మధ్య సరస్సుని ఆక్రమించి తవ్విన చెరువులు పట్టుకోవడానికి, హద్దులు కొలిచే సర్కారువాళ్లు వచ్చి ఏ చెరువు ఎవరిదని అడిగితే ఊరంతా తెలియదంది. అప్పుడు వాళ్లలో ఒకాయన ఫోన్ తీసి మాస్టారి పాఠం పెట్టాడట. గట్టు, వెనక చెరువు, ముందు పేరు, ఆ వెంటనే ధన్యవాదాలు.

ఊరు కూర్చుని కట్టుబాటు చేసింది. పాఠాలన్నీ తీసేయాలి, ఎక్కడా కాపీ ఉండకూడదు. లేదంటే ఊరుమ్మడి చెరువులో నాగమణి గారి వాటా ఆగిపోతుంది. ఆమెకి అదే తిండి.

“మొదటి మాటలు కత్తిరించి ఉంచొచ్చు కదండీ?” అన్నాను.

“మా అమ్మాయి చేసి చూసిందండీ. ఫలానా వారి నీళ్లు చూడండి, ఫలానా వారు మేత ఇలా కడతారు... మాటమాటకీ ఎవరో ఒకరే. వాళ్లని తీసేస్తే మా ఆయన దగ్గు ఒక్కటే మిగులుతుందండీ.” నవ్వబోయి మానేశారు. “అన్నీ ఒక్కసారి తీయడానికి చేతులు రాలేదు. రోజుకొకటి. ఈ వేళ ఆఖరిది.”

ఇంతలో కట్టుబాటు పెద్ద వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. పని పూర్తయిందో లేదో చూడాలిగా. నాలో మంట లేచింది. విధవరాళ్ల ఇళ్లు మింగేవారికి శిక్ష ఎక్కువని వాక్యం చెప్పాను. పొలిమేర రాయి సంగతీ చెప్పాను. ఆయన తల వంచుకుని అంతా విన్నారు.

“మాస్టారి పాడె నేనూ మోశానండీ. రాయి జరిపామంటే జరిపాం, కాదనను. మాకంటే పెద్ద చెరువులు బయటివాళ్లవి అవతల ఉన్నాయండీ. అవి ఏ పాఠంలోనూ లేవు. ఎందుకో తెలుసాండీ? మాస్టారిని వాళ్లు గట్టెక్కనివ్వలేదు. రానిచ్చినవాళ్లం మేం. దొరికింది మేం.”

దానికి సరిపడే వాక్యం కోసం పుస్తకం తిరగేశాను. ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఆఖరి పాఠం ముగ్గురం కలిసి చూశాం. తెరమీద మాస్టారు గొంతు సవరించుకుని, పక్కన మెట్టు మీదున్న ఆ పెద్దమనిషి పేరే చెప్పి, నిలబడనిచ్చినందుకు ధన్యవాదాలండీ అన్నారు. “పర్లేదండి మాస్టారూ,” అన్నారాయన, అలవాటుగా. అని, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పాఠం అయిపోయాక నాగమణి గారు ఒక్కసారి మళ్లీ పెట్టి చూసి, తీసేసే మీట నొక్కారు. తీసేయమంటారా అని ఫోన్ రెండోసారి అడిగింది. అవునన్నారు. పెద్దాయన లేచి, గట్టు వెంట వెళ్లిపోయారు.

తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. అన్యాయం ఎవరిదో తేల్చగలిగితే తిట్టి నిద్రపోయేవాణ్ణి. హద్దు దాటినవాడిదీ తప్పే, కానీ శిక్ష దారి వెతుక్కుంటూ వచ్చింది మాత్రం తలుపు తీసినవాడి ఇంటికే. మీరు వెళ్తే సాయంత్రం ఐదు లోపు కైకలూరు చేరండి, తర్వాత ఏలూరు బస్సులు తగ్గిపోతాయి. గట్టెక్కి ఫోన్ తీసేముందు గట్టుగలవారిని అడగండి, వాళ్లు రమ్మన్నా సరే, పేరూ జాడా పడకుండా చూసుకోండి.

ఇక వినండి. కట్టుబాటు తీసేయమన్నది వీడియోలను, నేర్చుకున్న పాఠాన్ని కాదు. ఆఖరి పాఠం ఇది: ఎగువ నుంచి తమ్మిలేరు, బుడమేరు తెచ్చే వరదంతా కొల్లేరు తాగి, ఉప్పుటేరు మీదుగా మెల్లగా సముద్రానికి వదులుతుంది. అది తాగే చోటు తగ్గితే పైనున్న చేను మునుగుతుంది, ఆ చేను తిండి తినే పట్నమూ ఆకలిగొంటుంది. పేర్లేమీ అక్కర్లేదు, చూశారా. దీన్ని షేర్ చేయకండి, నోటితో చెప్పండి. ఇంట్లో ఒక పిల్లని కూర్చోబెట్టుకుని, అన్నం కలిపే ముందు, ఈ వేళే చెప్పండి.