పేరు తెలియని కార్మికురాలు

కోరుట్ల బీడీ కార్మికుల సంఘానికి ఉన్న ఆస్తల్లా బస్టాండు వెనక ఒక అద్దె గది. దాని తాళంచెవి రాజవ్వ కొంగుకు ఉండేది. మొగుడు పోయిన మనిషి. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టి, సాయంత్రం పోయి గది ఊడ్చి చాపలు పరిచేది. ఆమెకూ పక్కింటి కళావతికీ ఆకు కోసే కత్తెర ఒకటే. కళావతి నోరున్న మనిషి. బీడీలకు ఆకు తక్కువ తూచి ఇచ్చిన కంపెనీ ఠేకేదారును నలుగురిలో నిలదీసేది. ఆమె పక్కన నిలబడితే రాజవ్వకూ ధైర్యం వచ్చేది.

ఎనభై ఐదులో పోలీసుల గాలింపులు ముదిరాయి. అడవిలో తిరిగే అన్నలు వేరు, బీడీల సంఘం వేరు అని చెప్పినా వినేవాళ్లు లేరు. సంఘం కార్యదర్శి కొమురయ్య సభ్యత్వ పుస్తకాలు, సమ్మె కరపత్రాలు, ఫొటోలు ఒక రేకుపెట్టెలో సర్ది రాజవ్వకు అప్పజెప్పాడు.

"అక్కా, గివి వోతే మనం కొట్లాడినమని చెప్పుకునేటందుకు ఏం మిగలది. జర పైలం" అన్నాడు.

రాజవ్వ, కళావతి కలిసి ఆ పెట్టెను రాజవ్వ ఇంట్లో వడ్ల గుమ్మి అడుగున దాచారు. దాచిన చోటు వాళ్లిద్దరికే తెలుసు.

కొద్దిరోజులకే జీపు వచ్చింది. కళావతిని ఇంట్లోంచి లాక్కొచ్చి వీధిలో నిలబెట్టారు. సంఘం కాగితాలు ఎక్కడున్నాయని అడిగారు.

"కాలవెట్టిన" అన్నది కళావతి.

నమ్మలేదు. చేతులు చాపమని వేళ్లమీద లాఠీతో కొట్టారు. కేక విని గుమ్మంలోకి వచ్చిన రాజవ్వను చూసి, "దీన్ని ఎరుగుదువా?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

"నాకెర్క లేదు సారూ. గామె ఎవ్వలో, ఏ సంఘమో నాకు తెల్వది."

కళావతి తలెత్తి ఆమె వైపు చూసింది. కళావతిని జీపెక్కించుకుని పోయారు. గుమ్మి జోలికి ఎవరూ రాలేదు.

కొన్నాళ్లకు విడిచిపెట్టారు గానీ కుడిచేతి వేళ్లు రెండు ఇక వంగలేదు. వేళ్లు వంగకపోతే బీడీ చుట్టడం కుదరదు. గోడ అవతల ఆమె మూలుగు వినిపిస్తుంటే రాజవ్వ ఎన్నోసార్లు గిన్నెలో కూర పెట్టుకుని బయల్దేరింది, వాకిలి దాటలేక వెనక్కి తిరిగింది. కళావతి మొగుడికి సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పని దొరికి సంసారం కదిలిన రోజున, రాజవ్వ లోపల గడియ పెట్టుకుని కూర్చుంది.

పెట్టెను మాత్రం కళ్లలో పెట్టుకుని చూసుకుంది. ఏటా ఎండాకాలం పెరట్లో కాగితాలు ఆరబోసి, చెద పట్టకుండా వేపాకు పరిచేది.

తొంభైల్లో జగిత్యాలలో ఊర్మిల అనే లెక్చరర్ కార్మిక సంఘాల పాత కాగితాలు పోగుచేసి భద్రపరచడానికి రెండు గదులు తీసుకుంది. కొమురయ్య రాజవ్వను పెట్టెతో సహా అక్కడికి తీసుకుపోయాడు. ఊర్మిల మెత్తటి బ్రష్షుతో ఒక్కో కాగితం దుమ్ము దులుపుతూ మురిసిపోయింది.

"ఒక్క పుట కూడా పోలేదు. మీరు లేకపోతే ఈ సంఘానికి చరిత్రే లేదవ్వా."

పొగిడే కొద్దీ రాజవ్వ తల వంగిపోయింది. అప్పుడు సమ్మె ఊరేగింపు ఫొటో బయటపడింది. అందరికంటే ముందు పిడికిలెత్తి నడుస్తున్నది కళావతి. కొమురయ్య చాయ్ చెప్పడానికి కిందికి పోయాడు.

"ఈమె ఎవరవ్వా?" అడిగింది ఊర్మిల.

పేరు చెబితే ఎక్కడుందంటుంది, ఏమైందంటుంది. రాజవ్వ ఫొటోను పక్కకు జరిపింది.

"తెల్వది బిడ్డా."

ఊర్మిల ఫొటో వెనక పెన్సిలుతో 'పేరు తెలియదు' అని రాసుకుంది.

ఇంటికి వచ్చాక రాజవ్వ కంచం పక్కకు నెట్టింది. ఆనాడైతే ఎదురుగా లాఠీ ఉంది. ఈనాడు ఏముంది? తెల్లారి సిరిసిల్ల బస్సెక్కింది. రుద్రంగి దగ్గర పోలీసులు బస్సు ఆపి సంచులు వెదికారు. ఆమె సంచిలో ఏమీ లేదు, అయినా వాళ్లు అడగకముందే విప్పి చూపించింది.

కళావతి వాకిట్లో చరఖా తిప్పుతూ నూలు కండెలు చుడుతోంది. వేళ్లు పట్టు దొరకక దారాన్ని అరచేతికి ఆనించి పట్టుకుంది. తలెత్తి చూసి, "కూసో" అన్నది. చేతిపని ఆపలేదు.

రాజవ్వ పాత సంగతి ఎత్తబోయింది. కళావతి అడ్డం తగిలింది.

"గా ముచ్చట నాకెందుకు జెప్తున్నవు? ఎర్కనే అంటే నీ ఇల్లంత దేవులాడుదురు, పెట్టె వోతుండె. గందుకు నాకు కోపం లేదు. నేను ఇంటికొచ్చినంక గోడవతలనే ఉంటివి గదా. నోట్లెకు బుక్క వెట్టుకొనికి చేతులాడకపాయె. ఒక్కనాడన్న వచ్చినవా?"

రాజవ్వ జగిత్యాలలో జరిగింది కూడా చెప్పేసింది. అప్పుడు ఆగింది చరఖా.

"గాడ పోలీసోడున్నడా?"

"లేడు."

"మరెందుకన్నవు?"

"సిగ్గయింది."

"నీ సిగ్గుకు నా పేరు వోవాల్నా?"

రాజవ్వ ఏడ్చింది. కళావతి ఓదార్చలేదు. తనతో జగిత్యాలకు రమ్మంటే, "నేనెందుకొస్త? తెల్వదన్నది నువ్వు. పోయి నువ్వే చెప్పు" అన్నది.

రాజవ్వ ఒక్కతే పోయింది. ఆ రోజు ఊర్మిల గదిలో కొమురయ్యతోబాటు సంఘం వాళ్లు ఇంకో నలుగురున్నారు. వాళ్లందరి ముందూ చెప్పింది, ఒక్కోచోట ఆగిపోతూ. కొమురయ్య కిటికీ వైపు తిరిగిపోయాడు. సిరిసిల్ల వరకు పోయి కళావతిని పలకరించినవాళ్లు వాళ్లలో ఎవరూ లేరు.

ఊర్మిల రాసింది చెరిపి, 'కళావతి, బీడీ కార్మికురాలు, కోరుట్ల' అని రాసింది.

"చేతి ఏళ్లిరిగినా పెట్టె జాగ చెప్పలేదని రాయి బిడ్డా. నేను తెల్వదన్ననని గూడ రాయి."

"అది ఎందుకవ్వా, మీకు చెడ్డపేరు కదా?"

"రాసేదుంటే మొత్తం రాయాలె."

ఆ గదుల ప్రారంభోత్సవం నాడు రాజవ్వకు శాలువా కప్పారు. కళావతి రాలేదు. చప్పట్లు కొట్టినంతసేపూ రాజవ్వ తల ఎత్తలేదు.

తర్వాత అప్పుడప్పుడు సిరిసిల్ల పోయేది. కళావతి రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. పోయినప్పుడల్లా ఆమె పక్కన కూర్చుని కొన్ని కండెలు చుట్టేది.

"వదులుగ చుట్టకు, సాంచ మీద తెగుతది" అన్నది ఒకసారి కళావతి.

రాజవ్వ దారమంతా విప్పి మళ్లీ చుట్టింది.