ఆర్డర్ రాని ఫిజిక్స్ మేడం

ఇంటర్ రెండో సంవత్సరంలో మాకు ఫిజిక్స్ మేడం లేకుండా పోవడానికి కారణం నేను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు తేదీ కింద ‘ఇన్‌స్పెక్షన్ అయింది, ఎండ ఎక్కువ’ అని మాత్రమే రాసుకున్నాను.

మాది గరిడేపల్లి అవతల చిన్న ఊరు. మిర్యాలగూడకు పోవాలన్నా, కోదాడకు పోవాలన్నా బస్సు కోసం పడిగాపులు పడాల్సిందే. పక్క ఊరి హైస్కూలు ఆవరణలో, వెనకవైపు మూడు గదుల్లో ప్రభుత్వ జూనియర్ కాలేజీ పెట్టారు కాబట్టి నాలాంటి ఆడపిల్లలం పదో తరగతి తర్వాత ఇళ్లలో కూర్చోలేదు. “నడిచిపొయ్యే దూరమైతే సదువు. బస్సెక్కుడైతే వద్దు” అని మా నాన్న ముందే చెప్పేశాడు. ఎంపీసీలో చేరాను. అప్పుడు ఉమ్మడి రాష్ట్రం. కాగితం ఏదైనా హైదరాబాద్ పోయి రావాల్సిందే.

ఆ మూడు గదుల్లో ఒకటి ఆఫీసు. గుమస్తా లేడు. నా రాత బాగుంటుందని ప్రిన్సిపాల్ సారు వచ్చిన కాగితాలన్నీ నాచేత రిజిస్టర్‌లో ఎక్కించేవారు. నిజానికి ఆయన చరిత్ర చెప్పే సారు. అసలు ప్రిన్సిపాల్‌ను వేయలేదు కాబట్టి ఇన్‌చార్జిగా ఆయన్నే కూర్చోబెట్టారు. కోదాడ అవతలి మనిషి. మెత్తగా మాట్లాడేవారు, ప్రతిదానికీ భయపడేవారు.

ఫిజిక్స్ మేడం సూర్యాపేట నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. ఆమెది కాంట్రాక్టు పోస్టు. ఏటా జూన్‌లో నిధులు మంజూరై కొత్తగా ఆర్డర్ రావాలి. ఆర్డర్ వస్తేనే పోస్టు ఉన్నట్టు, జీతం ఉన్నట్టు, హాజరు పట్టీలో పేరు ఉన్నట్టు. మా మొదటి ఏడాది వచ్చింది. రెండో ఏడాది రాలేదు. అయినా ఆమె వచ్చారు. “ఇయ్యాల రేపట్ల వస్తది” అంటూ జూన్, జులై, ఆగస్టు మూడు నెలలూ జీతం లేకుండా పాఠాలు చెప్పారు. మిగతా లెక్చరర్లు పొద్దున్నే పట్టీలో సంతకాలు పెడుతుంటే ఆమె నేరుగా మా గదిలోకి వచ్చి చాక్‌పీసు తీసుకునేవారు.

మాకు ల్యాబ్ లేదు. తరంగాల పాఠం రోజు మేడం మా చున్నీలు నాలుగు అడిగి తీసుకుని, కొసకు కొస ముడేసి, ఒక చివర కిటికీ చువ్వకు కట్టి రెండో చివర పట్టుకుని ఊపారు. అల పోయి చువ్వకు తగిలి తిరిగి రావడం కళ్లతో చూశాం. నా పక్కన కూర్చునే స్నేహితురాలు గొర్ల కాపరుల ఇంటి పిల్ల, నోటికి జంకు లేనిది. “మేడం, జర నా చున్నీ వాపస్ ఇయ్యిండ్రి. ఇంటికి పోతే మా అమ్మ అల ఏదని అడగది, చున్నీ ఏదని అడుగుతది” అంది. మేడం నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డారు. ఆ పాఠం మొత్తం నేను నోట్సులో బొమ్మలతో సహా ఎక్కించాను. అంత శ్రద్ధగా నేను మరే సబ్జెక్టూ రాయలేదు.

సెప్టెంబరులో ఇన్‌స్పెక్షన్ అన్నారు. ఏ కాలేజీకి ఏ పోస్టు ఇవ్వాలో చూసి రాసుకుపోవడానికి హైదరాబాద్ నుంచి ఒక అధికారి వస్తున్నాడు. మాకు ఫిజిక్స్ పోస్టు దక్కాలంటే ఇదే అవకాశం.

“గా సారు క్లాసులకు రాంగనే నేను లేసి చెప్త” అంది నా స్నేహితురాలు. “ఆర్డర్ లేకుంట, జీతం లేకుంట మేడం వస్తున్నరు, ఆమెకు పోస్టు ఇయ్యిండ్రి అని. నువ్వు మాత్రం నోరు తెరువకే. నువ్వు తెరిస్తే గాలొస్తది, మాట రాదు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజు ప్రిన్సిపాల్ సారు మేడంను రావద్దన్నారు. “ఆర్డర్ లేని మనిషి క్లాసులో కనపడితే నాకు మెమో వస్తుందమ్మా. ఈ ఒక్కరోజు ఇంట్లో ఉండండి” అని ముందు రోజు నా ఎదుటే బతిమాలారు. మేడం తల ఊపి వెళ్లిపోయారు.

అధికారి క్లాసులకు రాలేదు. ఆఫీసులో కూర్చుని రికార్డులు చూసి, ఎవరైనా ఒక విద్యార్థిని నోట్సులతో పిలవమన్నాడు. ప్రిన్సిపాల్ సారు నన్ను పిలిచారు. నా రాత బాగుంటుంది కదా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మూడో తరగతి నుంచి మా బడికి ఎవరు పైనుంచి వచ్చినా మా జవాబులు ఒక్కటే. సార్లు వస్తున్నారా? వస్తున్నరు సార్. అన్నం మంచిగా ఉంటుందా? ఉంటది సార్. ఏమైనా ఇబ్బందా? లేదు సార్. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. పరాయి మనిషి ముందు మన బడి పరువు తీయకూడదని మాకు మేమే అనుకున్నాం. ఎండలో ప్రార్థనకు నిలబడ్డట్టే అదీ.

అధికారి నా ఫిజిక్స్ నోట్సు తీసి చాలాసేపు తిప్పాడు. చున్నీల బొమ్మ దగ్గర ఆగాడు.

“ఇదంతా ఎవరు చెప్పారమ్మా?”

“మేడం చెప్పిన్రు సార్.”

“రోజూ క్లాసు జరుగుతుందా?”

“జరుగుతది సార్.”

“ఇబ్బందేమీ లేదు కదా?”

ప్రిన్సిపాల్ సారు కిటికీ వైపు చూస్తున్నారు. నాకు చెప్పాల్సింది తెలుసు. మాటలు వరసగా తెలుసు. కానీ నా నోటి నుంచి వచ్చింది, “లేదు సార్.”

“మంచిది. ఇలాగే చదువుకో.” ఏదో రాసుకున్నాడు. నోట్సు నా చేతిలో పెట్టాడు. మెచ్చుకున్నాడని, సిగ్గు లేకుండా, నాకు సంతోషం కూడా వేసింది. జీపు వెళ్లిపోయింది.

నా స్నేహితురాలు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. “పోయిండా? మమ్ముల సూడకుంటనే పోయిండా? నిన్నేమడిగిండే?”

“నోట్సు చూసిండు” అన్నాను.

దసరా సెలవులయ్యాక కవరు వచ్చింది. రిజిస్టర్‌లో ఎక్కించడానికి నేనే చింపాను. ఫిజిక్స్ బోధన ఏ ఇబ్బందీ లేకుండా సాగుతున్నట్టు విద్యార్థుల వల్ల తెలిసింది కాబట్టి ఈ ఏడాదికి ఆ పోస్టు అవసరం లేదని ఉంది. విషయం అనే గడిలో ఆ ముక్కను నా చేతితో రాశాను. రాత వంకర పోలేదు.

“ఇవ్వాలని లేదమ్మా వాళ్లకి. ఏదో ఒక సాకు” అన్నారు ప్రిన్సిపాల్ సారు. అదే నిజమై ఉండొచ్చు. మేం నిజం చెప్పినా ఇచ్చేవాళ్లు కాదేమో. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ వాళ్లకు సాకు అందించింది ఎవరో నాకు తెలుసు. అధికారికి నిజం చెబుతూ డైరీ వెనక పేజీల్లో ఉత్తరం రాశాను. మూడుసార్లు రాశాను. పోస్టాఫీసు మా వీధిలోనే ఉంది. వేయలేదు.

ఆ మార్చిలో మా క్లాసులో సగం మందికి పైగా ఫిజిక్స్ తప్పారు. నా స్నేహితురాలు మళ్లీ కట్టి మళ్లీ తప్పి, చదువు ఇక ఖతం అని మేళ్లచెరువులో సిమెంటు సంచులు కుట్టే పనికి పోయింది. నేను అత్తెసరు మార్కులతో గట్టెక్కి డిగ్రీలో బీఏ తీసుకున్నాను. రెండేళ్లకు ఆ కాలేజీలో ఎంపీసీ ఎత్తేశారు. పిల్లలు చేరడం లేదని రాశారట. ఫిజిక్స్ చెప్పేవాళ్లు లేనిచోట పిల్లలెందుకు చేరతారు?

మేడం చివరి రోజు ఇప్పటికీ నిన్నటిలాగే ఉంది. కవరు వచ్చిన మర్నాడే వెళ్లిపోయారు. కోదాడలో ఒక ప్రైవేటు కాలేజీలో చోటు దొరికిందట. పాఠం చెబుతూ హాస్టల్ కూడా చూసుకోవాలట. మా క్లాసుకు చెప్పి, మిగిలిన చాక్‌పీసులు కిటికీలో పెట్టి బయటికి నడిచారు. నేను వెనకాలే పోయాను. రోడ్డు మీద మేడం ఎక్కాల్సిన మొదటి బస్సు కోసం ఇద్దరమే నిలబడ్డాం. అయస్కాంతాల పాఠం సగంలో ఉంది. ఇంకా తొమ్మిది పాఠాలు మిగిలాయి.

“మేడం, నేనొకటి చెప్పాలె” అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూశారు. నేను రోడ్డు వైపు తిరిగాను. దూరంగా బస్సు కనిపించింది. మిగిలిన పాఠాల గురించి అడగబోతున్నాననుకున్నారు కాబోలు, నా భుజం మీద చెయ్యి వేశారు.

“నాకు తెలుసు బిడ్డా. ఇగ ఎవరూ రారు. గైడు కొనుక్కో. అర్థం గాకున్నా సరే, బట్టీ పట్టు.”