ఎర్ర గుండీకి ఒక టీ

బజారు మలుపులో టీ కొట్టు నడిపే ఆమెకు అసలు పేరంటూ ఉండే ఉంటుంది. వీధి వీధంతా మాత్రం గుండీలత్త అనే పిలిచేది. భర్త దర్జీ. పోతూ పోతూ ఆయన మిగిల్చిన ఆస్తల్లా ఒక కుట్టుమిషను, డబ్బా నిండా కోటు గుండీలు. మిషను అమ్ముడుపోయింది. ముదురు ఎరుపు గుండీలు ఎవరిక్కావాలి? వాటిని చేసిన కంపెనీ కూడా ఎప్పుడో మూతపడింది.

చిల్లర దొరక్క తల ప్రాణం తోకకొస్తున్న రోజుల్లో ఆమె ఒక గుండీ తీసి ఎవరి చేతిలోనో పెట్టింది. "ఇది పట్టుకురా బాబూ, రేపు టీ పోస్తా" అంది. పోసింది కూడా. ఇక చూడండి, ఆ గుండీలకు కాళ్ళొచ్చాయి. మంగలి గడ్డం గీసి గుండీలు పుచ్చుకునేవాడు. పంక్చర్ల మేస్త్రీ కూడా అంతే. టీ ధర పెరిగినా గుండీకి మాత్రం ఎప్పుడూ ఒక టీయే. గుండీ తెచ్చినవాడు టీ తాగకుండా వెనక్కి పోతే ఆమెకు తల కొట్టేసినట్టుండేది.

ఆమె మేనల్లుడు ఆడిటర్ ఆఫీసులో గుమాస్తా. దాచుకున్నదంతా క్రిప్టోలో పెట్టి, సాయంత్రమయ్యేసరికి కొట్టు బల్ల మీద చేరి అత్త బుర్ర తినేవాడు.

"అత్తా, నోటు వెనకాల బంగారమేం లేదు. ప్రభుత్వం ఇది డబ్బు అంది కాబట్టి డబ్బు. దాన్నే ఫియట్ అంటారు. నా కాయిన్ వెనకా బంగారం లేదు. మరి అదీ ఫియటే కదా?"

"నీదాన్ని డబ్బని ఎవరన్నారు?"

"ఎవరూ అనక్కర్లేదు. నమ్మేవాళ్ళుంటే చాలు."

"అయితే అది ఇంకేదోరా. మంచిదే కావచ్చు. నోటుకీ దానికీ ముడిపెట్టకు."

"వెనకాల ఎవరూ లేకపోవడమే దాని బలం అత్తా. నీ గుండీకి నువ్వొక్కదానివే దిక్కు. రేపు నువ్వు లేకపోతే?"

ఆమె గ్లాసులు కడగడం మొదలుపెట్టింది. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది.

వానాకాలంలో కొట్టు ముందే జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. కొట్టుకు తాళం పడింది. నాలుగు రోజులు తిరక్కుండానే మంగలి తన అద్దానికి కాగితం అంటించాడు: గుండీలు చెల్లవు. ఆసుపత్రికి చూడ్డానికొచ్చిన మేస్త్రీ భార్య ఆ సంగతి చెప్పింది. ఎముక విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి అది విని ఏడ్చేసింది.

"నువ్వన్నట్టే అయిందిరా. నేను మంచాన పడ్డానో లేదో, నా మాట చచ్చిపోయింది" అంది మేనల్లుడితో.

వాదన గెలిచినవాడు ఎగిరి గంతేయాలి. వాడు చేతిలోని బత్తాయి తొనలు అత్త చేతిలో పెట్టి, "తాళంచెవి ఎక్కడుందత్తా?" అన్నాడు.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి పొద్దున్నే కొట్టు తెరిచాడు. జన్మలో పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు. పాలు పొంగించాడు, పంచదార మరిచాడు, వేడి గిన్నె పట్టుకుని వేళ్ళు కాల్చుకున్నాడు. అంతలో మంగలి వచ్చాడు, దాహంతో కాదు, తమాషా చూడ్డానికి. బల్ల మీద ఒక ఎర్ర గుండీ పెట్టాడు.

"చెల్లుతుందా ఇది?"

"చెల్లుతుంది."

"ఎవరు చెప్పారు?"

మేనల్లుడు గ్లాసులో టీ పోశాడు. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న అడగక్కర్లేదనే కదా వాడు వాదించింది! వెనక మేస్త్రీ కూడా గుప్పిట మూసుకుని నిలబడి ఉన్నాడు.

"నేను చెప్తున్నా" అని గ్లాసు ముందుకు జరిపాడు.

మంగలి ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. అయినా గ్లాసు ఖాళీ చేసి, దుకాణానికి వెళ్ళి అద్దం మీది కాగితం పీకేశాడు.

సాయంత్రం మేనల్లుడు ఆసుపత్రికి వెళ్ళి, మంగలి సంగతి చెప్పి, ఆ గుండీని అత్త అరచేతిలో పెట్టాడు.

"టీ ఎలా ఉందన్నాడు?"

"కషాయంలా ఉందన్నాడు. అత్తా, నా కాయిన్ ఫియట్ కాదులే."

"ఏం?"

"నేను చెప్తున్నా అనడానికి ఒక మనిషి నిలబడాలి. దానికి ఎవరూ లేరుగా."

కాయిన్లు అమ్మేశాడా అంటే, లేదు. వాటి దారి వేరని మాత్రం ఒప్పుకున్నాడు. అత్త ఆ మాటలేవీ పట్టించుకోకుండా, బొబ్బలెక్కిన వేళ్ళను దగ్గరికి తీసుకుని నోటితో ఊదుతూ కూర్చుంది.