కార్లు లేని దీవిలో ఎనిమిది మైళ్ళు

మాకినాక్ అని రాసి మాకినా అని పలుకుతారు. మిషిగన్ రాష్ట్రం పైకొసన, రెండు మహాసరస్సులు కలిసేచోట ఉన్న చిన్న దీవి. అక్కడ కార్లు తిరగడానికి వీల్లేదు. గుర్రబ్బండి ఎక్కాలి, సైకిల్ తొక్కాలి, లేదంటే నడవాలి. కార్లకి బ్రేకులు డిజైన్ చేసే మావారికి ఈ సంగతి తెలిసిన దగ్గరనుంచీ ఆ దీవి చూడాలని కోరిక. కానీ నాలుగేళ్ళుగా నేను ఎప్పుడు అడిగినా ఓవర్‌టైం అనేవారు. 1982 జూన్‌లో ఒకరోజు భోజనం దగ్గర ఆయనే, "ఈ వీకెండ్ వెళ్దాం వసుధా, మోటెల్ బుక్ చేశాను" అన్నారు. నేను కారణం అడగలేదు. ఆస్పత్రి లాబ్‌లో నా శనివారం డ్యూటీని ఇంకో అమ్మాయితో మార్చుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి డిట్రాయిట్ దగ్గరున్న మా ఊరు నోవైలో బయల్దేరాం. మావారు రఘురాం, నేను, తొమ్మిదేళ్ళ మా స్వప్న. "హాఫ్ డే తీసుకున్నాను" అంటూ ఆయన ఒంటిగంటకే ఇంటికొచ్చేశారు. కార్ ట్రంక్‌లో రైస్ కుక్కర్, కూలర్‌లో పెరుగూ పులిహోరా పెట్టాను. ఐ-75 హైవే ఎక్కితే ఇక మలుపుల్లేవు. గేలార్డ్‌లో పెట్రోలుకీ కాఫీకీ ఒకసారి ఆగాం. ఏడు దాటాక సరస్సు ఒడ్డున మోటెల్ చేరేసరికి ఎండ ఇంకా మధ్యాహ్నం లాగే ఉంది. గదిలో అన్నం వండుకుని, పెరుగు కలుపుకు తిని, పెందలాడే పడుకున్నాం.

శనివారం ఎనిమిదిన్నర పడవ. దీవికి అరగంట ప్రయాణం. పై అంతస్తులో గాలి కొడుతోంది, స్వెట్టర్లు తప్పనిసరి. మా ఎదుటి బెంచీ మీద ఒక ముసలాయన, పక్కన నల్ల టోపీ పెట్టుకున్న ఆయన భార్య. ఆయన పేరు నికో, ఆవిడ ఎలేని. డిట్రాయిట్‌లో ముప్పయ్యేళ్ళు హోటల్ నడిపి మానేశారట. ఏటా జూన్‌లో ఇక్కడికి వస్తారట.

"ఎందుకు ఏటా?" అని అడిగాను.

"గ్రీసులో మాదీ ఇలాంటి దీవే. అక్కడా కార్లు లేవు. అక్కడ గాడిదలు, ఇక్కడ గుర్రాలు. వాసనలో పెద్ద తేడా లేదు" అన్నాడు నికో. ఎలేని నవ్వి, అంతదూరం విమానం ఎక్కడం తనకి భయమని, అందుకే ఇక్కడితో సరిపెట్టుకుంటున్నామని చెప్పింది.

ఒడ్డు దిగగానే ఆ వాసన నిజంగానే మొహానికి కొట్టింది. దానిలో కలిసి ఫడ్జ్ అనే మిఠాయి అమ్మే దుకాణాల చాక్లెట్ వాసన. "అమ్మా, రోడ్ అంతా హార్స్ పూప్ ఉంది, స్టెప్ చెయ్యకు" అని స్వప్న హెచ్చరిస్తూ ముందు నడిచింది. మెయిన్ స్ట్రీట్‌లో గంటల చొప్పున సైకిళ్ళు అద్దెకిస్తారు. ఇద్దరు తొక్కే జంట సైకిల్ చూసేసరికి మావారికి మోజు పుట్టింది. దాని గొలుసు ఎలా వెళ్ళిందో వంగి చూశారు. గుంటూరులో మూడేళ్ళు కాలేజీకి సైకిల్ మీదే వెళ్ళినదాన్ని, నాకు విడిగా కావాలన్నాను. "ఒక్కసారి చూద్దాంలే" అన్నారు. స్వప్నకి చిన్న సైకిల్ తీసుకుని తొమ్మిదిన్నరకి బయల్దేరాం.

దీవి చుట్టూ నీళ్ళ అంచునే ఎనిమిది మైళ్ళ రోడ్డు. చదునుగా ఉంటుంది, ఎవరైనా తొక్కగలరు. ఒకపక్క సెడార్ చెట్లు, ఇంకోపక్క గులకరాళ్ళు, వాటి వెనక అద్దం లాంటి నీళ్ళు. కానీ జంట సైకిల్‌లో వెనక కూర్చున్నవాళ్ళకి కనబడేది ముందువాళ్ళ వీపే. కాసేపటికి ఆర్చ్ రాక్ వచ్చింది. కొండ కొమ్మున సున్నపురాయి అరిగి ఏర్పడిన తోరణం అది. పైకి రెండొందల చిల్లర మెట్లు. స్వప్న పరుగున ఎక్కింది, మేం రొప్పుతూ ఎక్కాం. తోరణంలోంచి కింద నీళ్ళు ఆకుపచ్చగా, లోతుకి పోయేకొద్దీ నీలంగా కనిపించాయి. మావారు చాలాసేపు కదల్లేదు. ఆయన్ని అంత తీరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో అనుకున్నాను.

పన్నెండింటికి సగం దూరంలో ఉన్న పిక్నిక్ బల్లల దగ్గర ఆగాం. నికో దంపతులు గుర్రబ్బండిలో అప్పటికే వచ్చి కూర్చున్నారు. వాళ్ళ రొట్టె, ఉప్పు జున్ను, ఆలివ్ పళ్ళు మాకు పెట్టారు. మా పులిహోర వాళ్ళకి పెట్టాం. ఆలివ్ పండు కొరికి స్వప్న మొహం వికారంగా పెట్టి, నీళ్ళలోకి రాళ్ళు విసురుకోవడానికి పోయింది. మావారు మాత్రం ఊరేసిన ఉసిరికాయల్లా ఉన్నాయని ఆరేడు తిన్నారు. నికో పులిహోరలో మిరపకాయ నమిలి రెండు గ్లాసుల నీళ్ళు తాగి, ఇంకొంచెం పెట్టమన్నాడు.

"నువ్వేం పని చేస్తావు?" అని ఆయన మావారిని అడిగాడు.

మావారు నీళ్ళవైపు చూస్తూ, "లాస్ట్ ఫ్రైడే వరకూ బ్రేక్స్ ఇంజినీర్ని. ఇప్పుడేమీ లేదు" అన్నారు.

చేతిలో ఉన్న గరిటె బల్లమీద పెట్టేశాను. ఆయన నావైపు చూడలేదు.

నికో మామూలుగా తల ఊపాడు. "నా మొదటి హోటల్ మూతపడ్డప్పుడు వారంరోజులు ఇంట్లో చెప్పలేదు. పొద్దున్నే వెళ్ళి పార్కులో కూర్చునేవాణ్ణి."

"నాకు రెండో రోజే తెలుసు. ఒంటిమీద ఉల్లిపాయల వాసన రాలేదు" అంది ఎలేని.

వాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. వారమంతా ఆయన చొక్కాలు ఉతికింది నేను, లంచ్ కట్టిచ్చింది నేను. నాకు ఏమీ తెలియలేదు. కోపం ఆయనమీదో నామీదో తేల్చుకోలేకపోయాను. గిన్నెలు సర్ది, స్వప్నని పిలిచి, "ఈసారి ముందు నేను కూర్చుంటాను" అన్నాను. మావారు వెనక సీటు ఎక్కారు.

మొదటి వంద గజాలు వంకరటింకరగా పోయాం. స్వప్న ముందు దూసుకుపోయింది. మొహాలు కనబడకపోవడం ఒకందుకు మంచిదైంది.

"వారమంతా ఎక్కడికి వెళ్ళారు?" అన్నాను.

"లైబ్రరీకి. రెజ్యూమేలు టైప్ చేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ట్రిప్ అయ్యాక చెబుదామనుకున్నాను. చెబితే నువ్వు రానంటావు. ఇంక ఎప్పుడు వస్తామో అనిపించింది."

నిజమే, రాననే అనేదాన్ని. "లాబ్‌లో ఫుల్ టైం అడిగితే ఇస్తారు. ఇంటి మోర్ట్‌గేజ్ వాయిదాలు కట్టుకోవచ్చు" అన్నాను.

"నీకు కష్టం కదా."

"లైబ్రరీలో కూర్చుని ఒక్కరే దిగులుపడ్డం ఏం సుఖం?"

ఎదురుగా సామాన్ల గుర్రబ్బండి వస్తే పక్కకి తీసి ఆపాను. అది వెళ్ళేదాకా ఇద్దరం కాలు నేలమీద ఆనించి నిలబడ్డాం. ఆయన నా భుజంమీద చెయ్యి వేసి, "బ్రేక్ బాగా వేశావు" అన్నారు. అప్పుడు నవ్వొచ్చింది. మిగతా దారంతా దూరాన సరస్సు మీది పొడవాటి వంతెనని చూస్తూ, మెల్లగా తొక్కాం. ఆ గంటంత హాయిగా మేమిద్దరం అంతకుముందెప్పుడు గడిపామో నాకు గుర్తులేదు.

రెండున్నరకి సైకిళ్ళు తిరిగి ఇచ్చి, ఫడ్జ్ కొని, గడ్డిలో పడుకుని గుర్రాల్ని చూశాం. అయిదింటి పడవ దగ్గరికి మమ్మల్ని సాగనంపడానికి వచ్చిన నికో మావారి చెయ్యి పట్టుకుని, "బ్రేకులు అందరికీ కావాలి" అన్నాడు. వాళ్ళు ఇంకో రోజు ఉండిపోయారు.

వెళ్ళేవాళ్ళు జూన్‌లోనే వెళ్ళండి. లైలాక్ పూలు ఉంటాయి, జనం తక్కువ. జంట సైకిల్ తీసుకుంటే సగం దారిలో సీట్లు మార్చుకోండి. మావారికి ఉద్యోగం దొరకడానికి తర్వాత ఆరు నెలలు పట్టింది, అదీ తక్కువ జీతానికి. ఆ ఆరు నెలలూ తేలిగ్గా గడిచాయని చెప్పను. కానీ ఆయన ఏ రోజు ఎక్కడికి వెళ్తున్నారో నాకు తెలుసు.

ఆ ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి మా తిరుగు ప్రయాణం. సాగినా ఊరు దాటుతుంటే, వెనక సీట్లో పడుకున్న స్వప్న లేచి కూర్చుంది.

"నాన్నా, మండే నీకు ఆఫీస్ ఉందా?"

ఆయన నావైపు చూశారు. "లేదమ్మా."

"ట్యూస్‌డే?"

"అదీ లేదు."

స్వప్న కాస్త ఆలోచించింది. "ఓకే. అయితే స్విమ్మింగ్‌కి నువ్వే డ్రాప్ చెయ్. సుజాత ఆంటీ తీసుకెళ్తే ఎప్పుడూ లేటే."

"క్లాస్ ఎన్నింటికి?"

"టెన్‌కి."

"తొమ్మిదిన్నరకే బయల్దేరదాం" అన్నారు మావారు.