మేము తోమిన రాయి

మా సూర్యాపేట కాలేజీలో చరిత్ర సారుకూ బాటనీ మేడమ్‌కూ కలిపి ఒకటే బస్సు ఇచ్చేవారు. విడివిడిగా ఇవ్వడానికి ప్రిన్సిపాల్‌కు మనసొప్పేది కాదు. ఆయన పీనాసితనం పుణ్యమా అని, ఎనభైల చివర్లో డిగ్రీ చదివిన మాలో బీఏ వాళ్లకు చెట్లూ బీఎస్సీ వాళ్లకు రాజులూ సిలబస్‌లో లేకుండానే అంటుకున్నారు. చెట్టు కనిపిస్తే మేడమ్ బస్సు ఆపించేది. రాయి కనిపిస్తే సారు ఆపించేవారు. రెండింటికీ అందరం దిగాల్సిందే. మిర్యాలగూడ వెళ్లి రావడానికి ఒక ఆదివారం చాలేది కాదు.

దూరం తీసుకెళ్లే ముందు ఊళ్లో పార్కులోనే తర్ఫీదు. సారు మమ్మల్ని ఒక సిమెంటు బెంచీ ముందు నిలబెట్టి, దీని మీద ఎవరు ఎక్కువగా కూర్చుంటారో చెప్పమనేవారు. బెంచీ ఒక కొస మాత్రమే నున్నగా అరిగి ఉండేది. మధ్యాహ్నం నీడ ఆ కొసకే పడుతుందనీ, పక్కనున్న దవాఖానకు వచ్చినవాళ్లు అక్కడే సద్ది విప్పుకుంటారనీ తేల్చడానికి మాకు గంట పట్టింది. ఇదేం చరిత్ర అని అబ్బాయిలు నవ్వుకున్నారు. మేడమ్ మా కళ్లు మూయించి, ఆకులు నలిపి ముక్కు దగ్గర పెట్టేది. తులసి, వావిలి, సీతాఫలం, ఏదైనా సరే నేను టకటకా చెప్పేదాన్ని. చివ్వెంల నుంచి బస్సులో వచ్చే పిల్లను, వాటి మధ్యే పెరిగాను, చెప్పకపోతే సిగ్గుచేటు. సారు దగ్గర మాత్రం నా పప్పులు ఉడికేవి కావు. ఆయన నోటి నుంచి శభాష్ అనే మాట రావడం చాలా అరుదు. ఒక్కసారైనా అది నాకు దక్కాలని ఎంత ఆరాటపడ్డానో చెప్పలేను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ రోజుల్లో నాకు అంతకంటే పెద్ద కోరిక లేదు.

రెండో ఏడు చలికాలంలో మిర్యాలగూడ నుంచి కోదాడ వైపు వస్తుంటే, మా మేనత్త వాళ్ల ఊరి దగ్గర మేడమ్ బస్సు ఆపించింది. పొలం గట్టు మీద నడుమెత్తు రాయి ఒకటి నిలబడి ఉంది. దానికి బర్రెను కట్టేశారు. రాయి మీద బూడిద రంగులో, కొంచెం పచ్చగా, పొక్కులు పొక్కులుగా ఏదో పట్టి ఉంది. మనం మసాలాలో వేసుకునే రాతిపువ్వుకు ఇది చుట్టమని మేడమ్ మొదలుపెట్టింది. ఆ పాఠం అక్కడితో ఆగిపోయింది. సారు ఆమెను దాటుకుని పోయి, రాయి ముందు మోకాళ్ల మీద కూలబడ్డారు. దాని మీద అక్షరాలున్నాయి.

పై భాగాన్ని ఆయన అక్కడే కూడబలుక్కుంటూ చదివారు. ఒక రాజు, ఆయన బిరుదులు, మళ్లీ బిరుదులు. కింది భాగం కొంత మట్టిలో, కొంత ఆ పొక్కుల కింద ఉండిపోయింది. సారు చేత్తోనే మట్టి తోడి, కళ్లు మూసుకుని వేళ్లతో తడిమారు. ఇంకా నాలుగు వరుసలున్నాయన్నారు. వచ్చే ఆదివారం కాగితం, సిరా తెచ్చి అచ్చు తీస్తానని చెప్పారు. తడి కాగితాన్ని రాయికి అతికించి, బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దితే చెక్కిన అక్షరం తెల్లగానూ మిగతాదంతా నల్లగానూ వస్తుందట. ఇన్నేళ్ల నౌకరీలో ఆయన తనంతట తాను కనుక్కున్న మొదటి శాసనం ఇదేనని మేడమ్ మా చెవిలో వేసింది. తిరిగి వస్తుంటే సారు కిటికీ పక్కన కూర్చుని కూనిరాగం తీశారు. అంతకుముందు ఆయన గొంతులో రాగం మేమెవరమూ వినలేదు. నాకు మహా సంతోషమైంది.

ఆ సంతోషంలోనే నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. సారు వచ్చేసరికి రాయి అద్దంలా మెరుస్తుండాలి. ఇద్దరు స్నేహితురాళ్లను వెంటేసుకుని శనివారమే కోదాడ బస్సెక్కి మేనత్త ఇంటికి చేరాను. పొద్దున్నే లేచి, ఆమె వంటింట్లోంచి చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు, రెండు బిందెల నీళ్లు పట్టుకుని పొలానికి బయల్దేరాం. రాయికేమైనా పెళ్లిచూపులా అని మేనత్త మమ్మల్ని ఆటపట్టించింది.

ఇత్తడి బిందెలు తోమడంలో మా అమ్మ నేర్పిన విద్యంతా ఆ రాయి మీద చూపించాను. చింతపండు పులిమి కాసేపు నాననిచ్చి, ఇటుక పొడి చల్లి, పీచుతో గుండ్రంగా తిప్పుతూ తోమాం. పొక్కులు పెచ్చులుగా ఊడాయి. తెల్లటి బురద కారింది. ఎన్నేళ్ల మురికో అని మురిసిపోయాం. బర్రెను విప్పుకోవడానికి వచ్చిన పెద్దాయన వేపపుల్ల నములుతూ నిలబడి, ఆడపిల్లలు పనిమంతులని మెచ్చుకున్నాడు. మట్టిలో ఉన్నది కూడా వదలకుండా గుంట లోతు చేసి మరీ తోమాం. అక్షరాలు ముందటికంటే తక్కువగా కనిపిస్తున్నాయని ఒక స్నేహితురాలు అంది. తడి ఆరితే తేలుతాయిలే అని ఆమె నోరు మూయించాను.

బస్సు వచ్చింది. ముందుగా మేడమ్ భూతద్దం పట్టుకుని దిగింది. ఆ రోజు పొక్కులను దగ్గరగా చూపించి, గోరంత పెరగడానికి వాటికి ఎన్నేళ్లు పడుతుందో చెబుదామని వచ్చిందట. రాయిని చూసి ఆగిపోయింది. వెనకాలే సారు కాగితపు చుట్టతో, సిరా డబ్బాతో వచ్చి, గుంట ముందు కూర్చుని, కళ్లు మూసుకుని కింది భాగాన్ని తడిమారు. ఒకసారి తడిమి మళ్లీ తడిమారు. తర్వాత చెయ్యి ఒళ్లో పెట్టుకున్నారు. మేడమ్ నా చేతిలోని చింతపండు పిప్పిని చూసి, అది సున్నపురాయి అనీ, పులుపు దాన్ని తినేస్తుందనీ మెల్లగా చెప్పింది. అప్పటికే ఆ అక్షరాలు వేలికి తగిలీ తగలనట్టు ఉన్నాయట. మేము కడిగి పారబోసిన తెల్ల బురద మురికి కాదు, రాయే.

తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు. తెచ్చిన కాగితం తెచ్చినట్టు తీసుకుపోవడమెందుకని అచ్చు తీశారు. ఒలిచి ఆరబెడితే పై సగంలో అక్షరాలు తెల్లగా, ముచ్చటగా వచ్చాయి. కింది సగమంతా నలుపే. ఆ నలుపులో సన్నటి గీతలు సుడులు సుడులుగా ఉన్నాయి. అవి నా చెయ్యి తిరిగిన గుర్తులు. నాకు ఏడుపు ఆగలేదు. పైన రాజు పేరైతే ఉంది కదా అని ఒక అబ్బాయి సర్దిచెప్పబోయాడు.

"రాజుదేముంది, ఇంకో రాయి మీద దొరుకుతడు," అన్నారు సారు. "ఇసొంటి రాళ్ల మీద భూమి దానం ఇచ్చినోడు, తీసుకున్నోడు, వాళ్ల పేర్లు కింది వరుసలల్లనే ఉంటయి. ఆ మనిషి ఇగ యాడ దొరుకుతడు?"

ఆ మాట అన్నాక నా వైపు చూసి, అన్నాల వేళయిందని అందర్నీ లేపారు. మేడమ్ తెచ్చిన పులిహోర ఆయనే నా విస్తట్లో పెట్టారు.

సోమవారం సారు నన్ను స్టాఫ్ రూముకు పిలిచారు. ఇక కాలేజీలోంచి పంపించేస్తారనే అనుకున్నాను. పురావస్తు శాఖకు ఆయన ఒక ఉత్తరం రాసి పెట్టారు. నా దస్తూరీ బాగుంటుందని దానికి శుభ్రమైన ప్రతి రాసి పెట్టమన్నారు. ఊరు, గట్టు, రాయి ఎత్తు, పై వరుసల పాఠం అన్నీ రాసుకుంటూ వచ్చాను. చివర ఇలా ఉంది: "అడుగున ఉన్న నాలుగు వరుసలు ఎండకు, వానకు అరిగిపోయినవి."

నా కలం ఆగింది. ఆయన పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు.

"సార్, గిది గిట్ల కాదు గద," అన్నాను.

"అట్లనే ఉండనీ బిడ్డా," అన్నారు తలెత్తకుండా.

నేను రాసేశాను. ఆ తర్వాత కూడా మా బస్సు తిరిగింది. పెద్దవూర దాటి సాగర్ దాకా పోయాం, ఆత్మకూర్ చేల గట్ల మీద కూర్చుని సద్దులు తిన్నాం, చెట్టు వచ్చినా రాయి వచ్చినా పోట్లాడుకుంటూ దిగాం. అంత హాయిగా నేను మళ్లీ ఏ చదువూ చదవలేదు. ఆ రాయి మాట సారు ఇంకెప్పుడూ ఎత్తలేదు. నాకూ ఎత్తే ధైర్యం రాలేదు.

ఆయన ఇప్పుడు లేరు. ఆ ఉత్తరం మాత్రం ఏదో ఫైలులో ఉండే ఉంటుంది. ఎవరైనా బయటికి తీస్తే నా అక్షరాలు చదువుతారు, చదివి నమ్ముతారు. బెంచీ అరుగుదలను కూడా తప్పు చెప్పనివ్వని మనిషి, పంతొమ్మిదేళ్ల పిల్ల తలదించుకోవలసి వస్తుందని అంత అబద్ధం రాశారు. ఎండ కాదు, వాన కాదు. ఆ నాలుగు వరుసలూ తోమేసింది నేను.